ఏడవ ప్రకరణం: మందలో లేని పిల్ల

“కారు దొరికిందమ్మా” అంటూ మగ్దలీనమ్మ గిద్దలూరు ట్రావెలర్స్ బంగళా మెట్లెక్కే వేళకు నేను కిరసనాయిలు స్టవ్వు దగ్గర ఉప్మాతో యుద్ధం చేస్తున్నాను. ఉప్మా గెలిచింది. అడుగంటిన వాసన వరండా దాకా వెళ్ళింది.

“ఎక్కడ?” అన్నారు మా ఆయన పేపరు మడిచి.

“నందికనుమలో సార్. మూడో మలుపు కింద లోయలో. కాటమరాజని గొర్రెల కాపరి, పొద్దున చూసినాడంట. లోపల మనిషి లేడంట. మనిషి లేకపోతే చంపినట్లు ఎట్లయితది? మా ఆయన్ని ఇడుస్తారు గదా సార్?”

ఆమె ముఖంలో నాలుగు రోజుల తర్వాత మొదటిసారి వెలుగు కనిపించింది. నాకు కూడా సంతోషం ఆగలేదు. చేతిలో గరిటెతోనే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మా ఆయన మాత్రం నవ్వలేదు.

ఆయన పేరు పరాంకుశం. మద్రాసులో ప్రైవేటు డిటెక్టివు. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అత్తగారి ఆజ్ఞ. రాయకూడదని ఆవిడ అనలేదు. మాకు పెళ్ళయి ఇరవై మూడు రోజులు. బందరులో పెళ్ళి చేసుకుని, బళ్ళారిలో ఉన్న అత్తవారింటికి రైల్లో వెళుతూ మధ్యలో ఇక్కడ దిగిపోయాం. నాతో మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదివిన దయామణి ఈ ఊళ్ళో మిషన్ బడి టీచరు. మార్కాపురం నుంచి వచ్చి తన చర్చిలో దిగిన మగ్దలీనమ్మ భర్త ఉరికంబం ఎక్కేలా ఉన్నాడని, ఒక్కసారి చూసి వెళ్ళమని ఆమె ప్లాట్‌ఫారం మీద మమ్మల్ని పట్టుకుని అడిగింది.

ఆ భర్త కరుణాకరం. మార్కాపురంలో పలకల వ్యాపారి కాశయ్య దగ్గర కారు డ్రైవరు. గురువారం సాయంత్రం యజమానిని ఎక్కించుకుని మార్కాపురంలో బయలుదేరాడు. గిద్దలూరు బజారులో యజమాని తనను దింపేసి, తానే కారు నడుపుకుంటూ నంద్యాల వైపు వెళ్ళాడని కరుణాకరం చెప్పే మాట. ఆ తర్వాత కాశయ్యను గానీ కారును గానీ ఎవరూ చూడలేదు. కాశయ్య స్టీరింగు పట్టగా ఊళ్ళో ఎవరూ ఎరగరు. కాబట్టి యజమానిని చంపి ఎక్కడో పారేశాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరదరాజులు కరుణాకరాన్ని లాకప్పులో పెట్టాడు.

“అమ్మా, ఈ కబురు మంచిదో చెడ్డదో చూసి వచ్చి చెబుతాను” అన్నారు పరాంకుశం మగ్దలీనమ్మతో. తర్వాత వచ్చి ఉప్మాలో మాడిన పెచ్చునే ముందు తిన్నారు. అందుకే ఈయన్ని చేసుకున్నాను.

*

కనుమ దాకా బాడుగ బస్సులో వెళ్ళాం. ఎక్కుతూ ఉంటే ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన చోట కింద నుంచి పాత అక్షరాలు కనిపించాయి: మైలాపూరు. నేను కూడబలుక్కుని చదివి చప్పట్లు కొట్టాను. కాలేజీ మొదటి సంవత్సరం నేనెక్కిన బస్సుల్లో ఇదీ ఒకటి అయి ఉంటుంది. తర్వాత కొత్త బస్సులు వచ్చి ఇది మాయమైంది. చచ్చిపోయిందనుకున్నాను.

“చచ్చిపోలేదు. ఇక్కడ కాపురానికొచ్చింది” అన్నారు పరాంకుశం. “మద్రాసు వద్దన్న బండ్లన్నీ రాయచూరు, బళ్ళారి, గిద్దలూరు దారి పడతాయి. అక్కడ ముసలిది ఇక్కడ కొత్త కోడలు.”

మూడో మలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ వరదరాజులు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ, మైనం పెట్టిన మీసం.

“రండి డిటెక్టివుగారూ. ఆలస్యమయ్యారు. కేసు తేలిపోయింది” అన్నాడు. “అమ్మగారిని కూడా తెచ్చారా? ఇది షికారు కాదండీ.”

“మాకు ఇదే షికారు” అన్నారు పరాంకుశం. “కిందికి దిగొచ్చా?”

పొదలు పట్టుకుని దిగాం. నా గాజులు రెండు పగిలాయి. మడత టాపున్న నల్ల కారు ఒక బండరాతికి ఆనుకుని పక్కకు ఒరిగి ఉంది. ముందు అద్దం నుగ్గు. నంబరు పలక కాశయ్య కారుదే. డ్రైవరు పక్క తలుపుకు ఒక జరీ కండువా వేలాడుతోంది. దాని మీద ఎండిన రక్తం.

“కండువా కాశయ్యదేనని వాళ్ళ గుమాస్తా గుర్తుపట్టాడు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “నంబరు ఆయనది, కండువా ఆయనది, రక్తం ఆయనది. శవాన్ని అడవి జంతువులు లాక్కుపోయాయి. ఇంకేం కావాలి?”

“నంబరు, కండువా సరే. రక్తం మీద ఆయన పేరు ఎక్కడ రాసి ఉంది?”

“హాస్యాలు వద్దండీ. ఇటు చూడండి.” ఇన్‌స్పెక్టరు ఇంజను మూత ఎత్తాడు. లోపలి ఇత్తడి బిళ్ళ మీద 1922 అని ఉంది. “అంటే పన్నెండేళ్ళ బండి. మీ కరుణాకరం స్టేట్‌మెంటులో ఏమన్నాడో తెలుసా? కారు ఈడు నాలుగేళ్ళట. తాను రోజూ తుడిచే కారు వయసే అబద్ధం చెప్పినవాడు యజమాని సంగతి నిజం చెబుతాడా?”

పరాంకుశం వంగి ఆ బిళ్ళను రెండోసారి చదివారు. అంటే ఆయనకూ తికమకగానే ఉందన్నమాట. నాకు ఎప్పుడూ ఉండేదే. నాలుగేళ్ళ కారుకు పన్నెండేళ్ళు ఎలా వస్తాయి? లేదా పన్నెండేళ్ళ కారును చూసి డ్రైవరు నాలుగేళ్ళని ఎందుకంటాడు? అబద్ధమాడితే అతనికేం కలిసొస్తుంది? ఆలోచించలేక, తలుపు పక్కనున్న రబ్బరు హారను బుర్రను చూస్తే చెయ్యి ఊరుకోలేక, గట్టిగా నొక్కాను.

భోం, అని లోయంతా మోగింది. గొడుగు ఇన్‌స్పెక్టరు చేతిలోంచి జారింది.

“అమ్మగారూ, ఇది సాక్ష్యం” అన్నాడు పళ్ళు బిగించి.

పైన గట్టు మీద కంబళి కప్పుకుని కూచున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. కారును మొదట చూసిన కాటమరాజు అతనే.

“పెద్దాయనా, ఈ లోయలోకి ఎందుకు దిగినావు?” అని కేకేశారు పరాంకుశం.

“పిల్ల కోసం సామీ. మేకపిల్ల. బేస్తవారం రేత్రి ఇక్కడే ఏదో పెద్ద బండ దొర్లినట్టు సప్పుడైంది. ఆనక కాసేపటికి గిద్దలూరు పక్కకు పిల్ల అరిసింది. లేసి మంద లెక్కేసినా, సరిపోయింది. అయినా అరుపు ఇన్నా గదా. ఎవురి మందదో, తల్లిని పాసింది, నక్క పాలవుతదని దినామూ ఎతుకుతా ఉండా. ఈ పొద్దు ఇట్ల దిగితే కారుండాది.”

“పిల్ల దొరికిందా?” అన్నాను నేను. బేస్తవారమంటే గురువారం, కాశయ్య మాయమైన రాత్రే.

“లేదు తల్లీ. బొమికె గూడ లేదు.”

“హత్య కేసులో మేకపిల్ల గొడవ ఎవడిక్కావాలి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “నువ్వు పోయి నీ మంద చూసుకో.”

కాటమరాజు మెల్లగా వెనక్కి తిరిగాడు.

నేను అలిసిపోయి ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాను. కరకరమని అది విరిగింది. అప్పడంలాగా. నేను నేల మీదున్నాను, చీరంతా ఎర్రటి తుప్పు. లేవబోతూ లోపలికి చూస్తే కారు అడుగు రేకులో జల్లెడలాగా కంతలు, వాటిలోంచి గడ్డి కనిపిస్తోంది.

నాకు నవ్వు ఆగలేదు. “ఏమండీ, అచ్చం మా బందరులో నాన్నగారి కారే. అందులో కూచుంటే కాళ్ళ కింద రోడ్డు కనిపించేది. వానొస్తే కింది నుంచే తడిసేవాళ్ళం. నా పలకపుల్లలు ఎన్ని ఆ కంతల్లోంచి జారిపోయాయో.”

ఇన్‌స్పెక్టరు కూడా మొదటిసారి కొంచెం మెత్తబడ్డాడు. “ఏ కారైనా అంతే కదండీ. మా ఇంట్లోనూ అలాగే ఉండేది.”

పరాంకుశం ఉన్నచోటే ఆగిపోయారు. “మీది ఏ ఊరండీ?”

“కాకినాడ. బదిలీ మీద వచ్చి రెండు నెలలైంది. అయితే ఏం?”

“అయితే చాలా ఉంది” అన్నారాయన. వంగి నా చీర మీది తుప్పు వేలితో తీసి చూసుకున్నారు. తర్వాత హారను బుర్రను ఒత్తారు, చక్రాల రబ్బరు మీద గోటితో గీశారు. ఆఖరికి జేబులోంచి కత్తి తీసి నంబరు పలక మరలు విప్పారు.

“ఏం చేస్తున్నారు మీరు?”

“మీరే చూడండి. బందరు వాళ్ళకూ కాకినాడ వాళ్ళకూ ఇందులో వింత కనిపించదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు కనుక. సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది. అక్కడ కారు కింది నుంచి చస్తుంది. అప్పటికి దాని రబ్బరు మెత్తగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇక్కడ తడి లేదు, ఉప్పు లేదు. ఇనుముకు చావు లేదు. కానీ ఈ ఎండకు రబ్బరు పగులుతుంది, టాపు గుడ్డ చిరుగుతుంది, కొయ్య బీటలిస్తుంది. బండికి ఒక్కో సీమలో ఒక్కోచోట ముసలితనం వస్తుంది. ఈ కారు సముద్రం పక్కన బతికింది.”

“బతికే ఉంటుంది. కాశయ్య పాత కారే కొని ఉంటాడు. ఎక్కడో తుప్పుపట్టిన దాన్నే కొన్నాడేమో.”

ఇన్‌స్పెక్టరు మీసం తడుముకున్నాడు. ఇంతలో పరాంకుశం నంబరు పలకను వెనక్కి తిప్పి నాకు చూపించారు. వెనకంతా బూడిద రంగు పొడి గట్టిగా పేరుకుని ఉంది. గోటితో గీస్తే తెల్లటి గీత పడింది. చిన్నప్పుడు అరచేతులకు అంటుకునే పొడి అది. పలకల పొడి.

“పలకల కార్ఖానా పక్కన నిలబడిన కారుకు ఈ పొడి మూలమూలనా ఉండాలి. దీనికి నంబరు పలక వెనక తప్ప ఇంకెక్కడా లేదు. పైగా ఈ పలకకు తుప్పే లేదు” అన్నారు.

“కడిగి ఉంటారు.”

“కారంతా కడిగి, పలక వెనక ఒక్కటే వదిలేశారా?”

“కోర్టులో చెప్పుకోండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “రేపు సాయంత్రం రైలుకు కరుణాకరాన్ని నంద్యాల తీసుకెళ్ళి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. హత్యా నేరం. ఈ లోగా మీకు మేకపిల్ల దొరికితే కబురు పెట్టండి.”

*

లాకప్పు కటకటాల వెనక కరుణాకరం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బయట అరుగు మీద మగ్దలీనమ్మ అన్నం మూట పెట్టుకుని కూచుంది. కారు దొరికిన కబురు మంచిది కాదని ఆమెకు ఎవరో అప్పటికే చెప్పినట్టున్నారు. నా వంక చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. “అడగండి. నా ఎదురుగానే అడగండి.”

“కరుణాకరం, మీ యజమాని కారు ఈడెంత?” అన్నారు పరాంకుశం.

“నాలుగేండ్లు సార్.”

“విన్నారుగా” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పరాంకుశం ఏమీ సంబంధం లేకుండా, “మీ ఇంట్లో గొడ్డూ గోదా ఉందా?” అని అడిగారు.

“ఒక బర్రె ఉంది సార్.”

“దాని ఈడెంత?”

“మూడేండ్లు సార్.”

“ఎన్ని ఈతలు ఈనింది?”

“నాలుగు సార్. మా కాడ రెండు, ముందోళ్ళ కాడ రెండు.”

ఇన్‌స్పెక్టరు కాలు దించాడు. “మూడేళ్ళ గేదెకు నాలుగు ఈతలేంట్రా?”

కరుణాకరం ఈయనకు ఇంత చిన్న సంగతి ఎట్లా తెలియదన్నట్టు చూశాడు. “మేం కొని మూడేండ్లు గదా సార్. అంతకు ముందు అది వేరేవాళ్ళ బర్రె. ఆ ఈడు మాకెందుకు? మా వాకిట్లోకి వచ్చినాక, పసుపు పూసి హారతిచ్చినాక మాది. కారు గూడ అంతే. నాలుగేండ్ల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చినాము.”

“అంతకు ముందు ఎక్కడుండేది?”

“బళ్ళారిలో సార్. ఆడ ఒక వకీలుది. మొదటి నుంచీ ఆయన కాడే ఉండె. అప్పుడే ముసల్ది.”

బళ్ళారి. మా అత్తవారి ఊరు. సముద్రం పేరు విన్నవాళ్ళు కూడా తక్కువ. అక్కడ తుప్పు ఎక్కడిది?

“అబద్ధం కాదండీ ఇన్‌స్పెక్టరుగారూ” అన్నారు పరాంకుశం మెల్లగా. “మీరు కారు పుట్టినరోజు అడిగారు. ఇతను కాపురానికొచ్చిన రోజు చెప్పాడు.”

ఆ లెక్కన నాకు ఇరవై మూడు రోజుల వయసు. ఉప్మా మాడడంలో ఆశ్చర్యమేముంది?

ఇన్‌స్పెక్టరు ఊరుకోలేదు. “సరే, లోయలోది వేరే కారే అనుకుందాం. అదే కంపెనీ, అదే రంగు, అదే ఏడాది కారు కాశయ్యకు ఎక్కడ దొరుకుతుందండీ? పన్నెండేళ్ళ కిందటి కారుకు జత మద్రాసంతా గాలించినా దొరకదు.”

“మద్రాసులో దొరకదు. ఇక్కడ దొరుకుతుంది. పట్నాల వాళ్ళంతా ఒకేసారి పాతవి అమ్మి కొత్తవి కొంటారు. ఆ పాతవన్నీ ఒకేసారి ఈ పక్కకు వస్తాయి. ఈ దారుల్లో తిరిగే కార్లలో సగం ఒకే ఈడువి, ఒకే తల్లి పిల్లలు. కరుణాకరం, మీ బండిలాంటిది ఇంకోటి ఎప్పుడన్నా చూసినావా?”

“చూసినాను సార్. పోయిన నెల పొదిలి సంతలో. చీరాల పక్క నుంచి ఒకాయన తోలుకొచ్చినాడు. దాన్ని బాడుగకు తిప్పుకొనే మనిషి. మన బండికి అక్క వచ్చిందని నవ్వినాను. మా సేటు నవ్వలే. దాని సుట్టూ మూడు తూర్లు తిరిగి, ఆయనతో పక్కకు పోయి మాట్లాడినాడు.”

మగ్దలీనమ్మ అరుగు మీద నుంచి లేచి వచ్చి కటకటాల దగ్గర నిలబడింది.

“కాశయ్యకు కారు నడపడం రాదంటారు ఊళ్ళో” అన్నారు పరాంకుశం.

“నేనే నేర్పించినాను సార్. తెల్లారకముందే ఎండిన చెరువులో. ఎవరికీ చెప్పొద్దన్నాడు. భయస్తుడు. అందుకే మలుపొస్తే హారను కొట్టు సేటూ, మలుపు మలుపుకూ కొట్టు అని మరీ మరీ చెప్పినాను. అదొక్కటి బాగా వంటబట్టింది. అయితే ఏం లాభం, మా బండి హారను హారనే కాదు. ఎండకు బుర్ర పగిలిపోయింది. నొక్కితే...”

“నొక్కితే?”

కరుణాకరం మొదటిసారి నవ్వబోయి ఆగాడు. మగ్దలీనమ్మే అందుకుంది. “మేకపిల్ల అరిసినట్టు అరుస్తది సార్. మా వాడలో పిల్లకాయలు ఆ బండిని పిల్లబండి అంటారు.”

నాకు పొద్దుటి నుంచి బుర్రలో చిక్కుపడిన దారాల్లో ఒక్క కొస మాత్రం చేతికొచ్చింది.

“పొద్దున నేను నొక్కితే భోం అంది” అన్నాను. “కాటమరాజు విన్నది...”

“బండ దొర్లిన చప్పుడు ముందు. పిల్ల అరుపు తర్వాత” అన్నారు పరాంకుశం. “కారు లోయలో పడ్డాక ఇంకో కారు గిద్దలూరు వైపు కనుమ దిగింది, మలుపు మలుపుకూ హారను కొట్టుకుంటూ. అది కాశయ్య కారు. తోలింది కరుణాకరం దగ్గర పాఠం నేర్చుకున్న మనిషి. కాశయ్య చచ్చిపోలేదు, ఇన్‌స్పెక్టరుగారూ. చచ్చిపోయినట్టు కనిపించాలనుకున్నాడు. ఎందుకో ఆయన్నే అడుగుదాం.”

వరదరాజులు ముఖంలో రంగు మారింది. అయినా పోలీసు పోలీసే. “మరి ఆ రక్తం?” అన్నాడు.

పరాంకుశం కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. నాకు ఆయన వీపు చూస్తేనే తెలిసింది, ఇది ఆయనకు ఇష్టంలేని జవాబని.

“కనుమ మీదికి రెండు కార్లు ఎక్కాయి. ఒక్క మనిషి రెండు కార్లు తోలలేడు. కాబట్టి ఇద్దరు వెళ్ళారు. దిగింది ఒక్క కారు. అందులో ఎందరు దిగారు? మీరు నాలుగు రోజులుగా కాశయ్య కోసం వెతికారు. పొదిలి సంతకు వచ్చిన ఆ చీరాల మనిషి కోసం ఎవరూ వెతకలేదు. ఆయన కనబడటం లేదని కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు.”

పొద్దున నేను నవ్వుతూ కూర్చున్న ఫుట్‌బోర్డు గుర్తొచ్చింది. నా చీర మీది ఎర్రటి మరకను కొంగుతో కప్పుకున్నాను. అది తుప్పేనని తెలుసు. అయినా కప్పుకున్నాను.

“ఊహలు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మేకపిల్ల అరుపు విన్నానని ఒక కాపరి అంటే మేజిస్ట్రేటు నవ్వుతాడు. కాశయ్యను గానీ, ఆ కారును గానీ తెచ్చి చూపించండి. రేపు సాయంత్రం రైలు దాకా ఆగుతాను. అంతకు మించి నా చేతిలో లేదు.”

“గిద్దలూరు నుంచి చాలా దారులున్నాయండీ” అన్నాను నేను పరాంకుశంతో. “రాచర్ల, కంభం, అర్ధవీడు. రాత్రిపూట నల్ల కారును ఎవరు చూసి ఉంటారు? చూసినా ఈ దారుల్లో అలాంటి కార్లు అన్నీ ఒకేలా ఉన్నాయంటిరి.”

“ఎవరూ చూసి ఉండరు. అందుకే కారు సంగతి ఎవరినీ అడగం.” ఆయన తలుపు దగ్గరకు వచ్చి బయట అరుగు పక్కన నిలబడ్డ కంబళిని పిలిచారు. కాటమరాజు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఎప్పటి నుంచి ఉన్నాడో, తన పిల్ల సంగతి ఇంకా ఎవరికీ అక్కర్లేదనే అనుకుంటున్నాడు పాపం.

“పెద్దాయనా, ఈ పక్క మందలన్నీ నీకు తెలుసా?”

“తెలవకేంది సామీ. అర్ధవీడు దాకా మావోళ్ళవే.”

“రేపు తెల్లవారకముందే బయలుదేరుదాం. నువ్వు, నేను, మా ఆవిడ. దారిలో కనిపించిన ప్రతి మంద దగ్గరా ఆగి ఒక్కటే అడుగుదాం. బేస్తవారం రాత్రి పిల్ల అరుపు విని, లేచి మంద లెక్కేసుకుని, లెక్క సరిపోయి తికమకపడింది ఎవరని. ఎంత దూరం తికమకపడ్డారో అంత దూరం కాశయ్య వెళ్ళాడు. ఎక్కడ ఆ తికమక ఆగిపోయిందో ఆ ఊళ్ళో కారు ఉంది.”

మగ్దలీనమ్మ అన్నం మూట విప్పి, కటకటాల్లోంచి మొదటి ముద్ద మొగుడి చేతిలో పెట్టింది.

“అమ్మా,” అంది నాతో, “రేపటికి మీ ఉప్మా నేను చేసి కట్టిస్తాను.”